గజ్జె విప్పాక



అసలు మాటకు వచ్చేముందు ఒక సంగతి చెప్పాలి. ఈ తెర వెనక గదిలో పన్నెండు మంది ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు మేకప్ వేసుకుని, డ్రెస్సులు కట్టుకుని, సవరాలు బిగించుకుని కూర్చుని ఉన్నారు. నా ఉపన్యాసం కాగానే వాళ్ల కార్యక్రమం. ఇందాక లోపలికి వెళ్లి పలకరించి వచ్చాను. మధ్యాహ్నం మూడింటికి మేకప్‌కు కూర్చున్నారట. ఇప్పుడు ఆరున్నర దాటింది. "ఏమన్నా తాగారా అమ్మా?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాగలేదు. తాగితే బాత్‌రూముకు పోవాలి. పోవాలంటే పాతిక పిన్నీసులు విప్పాలి. విప్పితే మళ్లీ పెట్టాల్సిన అమ్మ ఇక్కడ మీలో కూర్చుని ఉంది. కార్యక్రమం రోజున గొంతు తడుపుకోకుండా ఉండటం మన పిల్లలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న విద్య. నిర్వాహకులకు చెప్పి మజ్జిగ పంపించాను. గడియారం ఎదురుగానే ఉంది. దాన్ని చూసుకుంటూనే మాట్లాడతాను.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆమె పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను పలకను. ఆమె బతికుండగా మేమెవరమూ పేరు పెట్టి పిలిచి ఎరగం. టీచరమ్మ, అంతే. పెన్న ఒడ్డుకు దగ్గరలో ఇల్లు, ఇంటి ముందు నాపరాళ్ల వరండా, అదే మా బడి. తొమ్మిదో ఏట అక్కడ కాలు పెట్టాను. తరువాత నేనూ తట్టుకర్ర పట్టి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. ఆమె నేర్పిన అడుగులే నేర్పాను, ఆమె చెప్పిన జతులే చెప్పాను. ఒక్కటి మాత్రం వదిలేశాను. ఆ వదిలేసినదాని గురించే ఇవాళ నా మాట.

క్లాసు అయిపోగానే టీచరమ్మ మమ్మల్ని ఇంటికి పోనిచ్చేది కాదు. గజ్జెలు విప్పి నటరాజు ముందు పెట్టి, వరండా మెట్ల మీద కాళ్లు చాపుకుని వరసగా కూర్చోవాలి. ఇత్తడి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు, అందులో ఇస్కపల్లి కొఠార్ల నుంచి వచ్చిన గళ్లుప్పు గుప్పెడు. ఒకరి తరువాత ఒకరం పాదాలు ముంచి తీస్తుంటే, ఆమె ఎదురుగా పీట వేసుకుని ఒక్కో కాలూ చేతిలోకి తీసుకుని చూసేది. "ఏందిమే, ఈ వేలు ఇట్టా వాచింది?" "మడమ పగిలిందే, రాత్రికి వెన్న పూయమని మీ అమ్మకి చెప్పు." "మోకాలు యాడ నొప్పి? లోపలా, పక్కనా?" కాలు చూస్తూనే మిగతావీ అడిగేది. పొద్దున ఏం తిన్నావు, నిన్న ఎందుకు రాలేదు, ఇంట్లో నాయన ఉన్నాడా, ఊరికి పోయాడా. మా లెక్కలో అది పాఠం కాదు. పాఠం అయ్యాక జరిగే ఆలస్యం. ఎప్పుడు వదిలిపెడుతుందా, ఎప్పుడు వీధిలోకి పరిగెత్తుదామా అని చూసేవాళ్లం.

నేను సొంతంగా క్లాసు పెట్టినప్పుడు ఆ బేసిన్ పెట్టలేదు. టైము లేదు. ఆరు గంటల బ్యాచి పోతే ఏడు గంటల బ్యాచి రావాలి.

మన దగ్గర గజ్జె కట్టడానికి ముహూర్తం ఉంది. పూజ ఉంది, పళ్లూ పూలూ గురుదక్షిణా ఉన్నాయి, ఫొటోలు తీసేవాడు ఉన్నాడు. గజ్జె విప్పడానికి ఏమీ లేదు. ఓ మూల కూర్చుని, ముడి రాకపోతే పళ్లతో లాగి, సంచిలో వేసుకుని పోవడమే. చప్పట్లు ఆగిన తరువాత ఆ కాళ్ల సంగతి, ఆ కాళ్లున్న మనిషి సంగతి ఎవరు చూడాలి? నేను అడగదలుచుకున్నది ఈ ఒక్కటే.

శాస్త్రం ఏమంది

ఇదంతా పెద్దావిడ చాదస్తం అనుకునేవాళ్లు నాట్యశాస్త్రం తెరవండి. చారీలను, అంటే కాలి కదలికలను, వివరించే అధ్యాయం చివర భరతుడు సాధన ఎలా చేయాలో చెప్పాడు. ఒంటికి నువ్వుల నూనె గానీ గంజి గానీ పట్టించి మర్దన చేసుకోమన్నాడు. సాధనకు బలం కావాలి, బలానికి తిండి కావాలి, కాబట్టి ముందు తిండి సంగతి చూసుకోమన్నాడు. ఆపైన సాధన ఎవరు చేయకూడదో కూడా చెప్పాడు. బాగా అలసినవాళ్లు, ఆకలి మీద ఉన్నవాళ్లు, దాహంతో ఉన్నవాళ్లు, మితిమీరి తిన్నవాళ్లు చేయకూడదు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి పుస్తకం మాట ఇది. దాని ప్రకారం చూస్తే ఈ తెర వెనక ఉన్న పదమూడు మందిలో ఈ సాయంత్రం గజ్జె కట్టడానికి అర్హులు ఎందరు? మజ్జిగ అందాక కొందరు అర్హులై ఉంటారని ఆశ.

నందికేశ్వరుడి అభినయదర్పణం కూడా మనకు పాఠ్యమే. అందులో నర్తకిని పాత్ర అంటారు. పాత్ర ఎలా ఉండాలో ఒక పట్టిక, ఎలా ఉండకూడదో ఇంకో పట్టిక. మరీ లావు పనికిరాదు, మరీ సన్నం పనికిరాదు, మరీ పొడుగు, మరీ పొట్టి పనికిరావు, పల్చటి జుట్టు పనికిరాదు, గూని పనికిరాదు. ఆ శ్లోకాలు నేను ఏళ్ల తరబడి పిల్లల చేత వల్లె వేయించాను. వేయిస్తున్నప్పుడు రెండో వరసలోని బొద్దు పిల్ల మొహం ఎటు తిప్పుకుందో ఒక్కనాడూ చూడలేదు. పరీక్షలో వస్తుందని మాత్రం చెప్పాను.

అయితే తెలుగులో పాత్ర అంటే గిన్నె కూడా. గిన్నె కొనేటప్పుడు సొట్టలున్నాయేమో చూసుకుంటాం, సరే. కొన్న తరువాత? తోమాలి, ఇత్తడిదైతే కళాయి వేయించాలి. ఖాళీగా పొయ్యి మీద పెడితే మాడేది గిన్నే. ఈ కళలో మన ధ్యాసంతా పాత్రను ఎంచుకోవడం మీదే ఉండిపోయింది. వాడే పాత్రను ఎలా కాపాడుకోవాలన్నది ఇంట్లో పనిమనిషికి ఉన్నంత శ్రద్ధతో కూడా మనం ఆలోచించలేదు.

నేల సంగతి

కూచిపూడి చూసేవాళ్లకు కళ్లూ చేతులూ కనిపిస్తాయి. చేసేవాళ్లకు బాగా తెలిసేది నేల. చెప్పుల్లేని కాలు, అరమండిలో వంగిన మోకాలు, గంటల కొద్దీ కొట్టే పాదం. పాదం నేలను ఎంత గట్టిగా కొడితే నేల పాదాన్ని అంత గట్టిగా తిరిగి కొడుతుంది. కింద గాలి ఆడేలా కట్టిన చెక్క నేల అయితే ఆ దెబ్బలో కొంత తాను మింగుతుంది. నాపరాయి మింగదు, టైల్సు మింగవు, మిద్దె మీద సిమెంటు అసలే మింగదు. మనవన్నీ ఇవే. అపార్టుమెంటు సెల్లారు, కల్యాణమండపం, మిద్దె. వైశాఖంలో జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాల వేళకు నెల్లూరు మిద్దెలు సాయంత్రం ఆరింటికి కూడా కాలుతూనే ఉంటాయి.

మైపాడులోనో కృష్ణపట్నం వైపో సముద్రపు ఒడ్డున కార్యక్రమం అంటే పిల్లలకు సంబరం. వేదిక చూస్తే ఇనుప ఫ్రేము మీద ప్లైవుడ్ పలకలు, వాటి మీద తివాచీ. రెండు పలకల మధ్య వేలెడు సందు తివాచీ కింద దాక్కుని ఉంటుంది. తరంగం చేసే పిల్ల ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి దాని మీదుగా పోవాలి. ఉప్పుగాలికి తివాచీ తడిసి జారుతుంది. ఇసకలో సాధన చేస్తే కాలు గట్టిపడుతుందని చెప్పే మాస్టర్లు కూడా ఉన్నారు. అలవాటు లేని కాలికి ఇసకలో మడమ దిగబడి, పిక్క నుంచి మడమకు దిగే స్నాయువు లాక్కుపోతుంది. పట్టపు జాలర్ల పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ ఇసకలో నడుస్తున్నారు. వాళ్లను చూసి టౌను పిల్లల్ని ఒక్కరోజులో అందులో గెంతించకూడదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్ల, నా దగ్గర ఆరేళ్లు నేర్చుకుంది. శివరాత్రి కార్యక్రమానికి పది రోజుల ముందు ముంగాలు నొప్పిగా ఉందని చెప్పింది. "కొంచెం నొప్పి లేకుండా నాట్యం ఎవరికి వచ్చిందమ్మా?" అన్నాను. ఆ పిల్ల మళ్లీ నొప్పి మాట ఎత్తలేదు. శివరాత్రి రోజు ముందు వరసలో నిలబడి, చెదరని నవ్వుతో ఆడింది. నవ్వు చూసి నొప్పి తగ్గిందనుకున్నాను. నవ్వుతూ ఆడమని నేర్పింది నేనే అన్న సంగతి నాకు తోచలేదు. వారం తరువాత ఎముకల డాక్టరు ముంగాలి ఎముకలో వెంట్రుకవాసి చీలిక ఉందని తేల్చాడు. ఎనిమిది వారాలు కాలు మీద భారం తగ్గించమన్నాడు. కాలు బాగైంది. పిల్ల మాత్రం మళ్లీ క్లాసుకు రాలేదు. వాళ్లమ్మ బజారులో కనిపిస్తే చదువు ఒత్తిడండీ అంది. నేనూ అవునండీ అన్నాను.

ఆ తరువాతే నేర్చుకున్నాను. ముంగాలు పొడవునా సలుపుతోందంటే అది తరచుగా అలసట. కొన్నాళ్ల విశ్రాంతి, పిక్కల వ్యాయామం దారికి తెస్తాయి. వేలితో ఒక్కచోట చూపించి ఇక్కడే అంటే, గెంతినప్పుడల్లా అక్కడే కలుక్కుమంటే, అది ఎముక మాట. ఆ రోజుకు ఆట ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. అరమండిలో మోకాలు పాదం వేళ్ల మీదుగానే పోవాలి. కాలు తిరగాల్సింది తుంటి దగ్గర. అక్కడ తిరగనిదాన్ని పాదం దగ్గర బలవంతంగా తిప్పితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు ఉన్నట్టుండి పొడుగు సాగుతారు. ఎముక పెరిగిన వేగాన కండరం సాగదు. నిన్నటి దాకా వంగిన నడుము ఇవాళ వంగదు. అది బద్ధకం కాదు. ఆ ఏడాది మండీలు, గెంతులు తగ్గించి అభినయం పెంచితే పోయేదేమీ లేదు.

గాయం అనగానే మనందరికీ సుధా చంద్రన్ గుర్తొస్తుంది. 1981లో బస్సు ప్రమాదం, గాయం కుళ్లి కాలు తీసేయాల్సి రావడం, జైపూర్ కాలితో 1984లో మళ్లీ వేదిక ఎక్కడం. ఆ కథను 1985లో "మయూరి"గా తీసిన సింగీతం శ్రీనివాసరావు మన ఉదయగిరిలో పుట్టినవారు. దానికి సంగీతం చేసింది మన ఎస్పీ బాలు. ఆ సినిమా చూసి ఏడవని నెల్లూరు ఇల్లు లేదు. నేనూ ఏడ్చాను. కానీ టీచరుగా ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. పడి లేచిన కథకు సినిమా ఉంటుంది. పడకుండా చూసిన కథకు సినిమా ఉండదు. టీచరమ్మ బేసిన్ మీద ఎవరు సినిమా తీస్తారు?

ఆకలి సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే లోపలి గదిలో ఉన్నటువంటి ఆడపిల్లలు ఎదిగాక ప్రతి పన్నెండు మందిలో ఏడుగురు. ఆయాసం వస్తే స్టామినా లేదంటాం, కళ్లు తిరిగితే దిష్టి అంటాం. పావు శేరు రాగి సంగటి, గుప్పెడు వేరుసెనగలు, కాస్త చేప, ఆకుకూర ముందు అడగాల్సిన సంగతులు. వాటితో పాటు డాక్టరును అడిగి ఒక రక్తపరీక్ష.

అసలే రక్తం తక్కువ ఉన్న ఒంటికి మనం ఇంకో మాట కలుపుతాం. "డ్రెస్సు పట్టడం లేదు, కొంచెం తగ్గాలమ్మా." తిండి మానేసి తిండికి మించిన శ్రమ చేస్తే ఒళ్లు ఏం చేస్తుందో క్రీడల వైద్యులు బాగా పరిశీలించారు. ఆ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ప్రత్యేకంగా ఒక పేరే పెట్టింది. ఉన్న కాస్త శక్తిని ఒళ్లు ఊపిరికీ గుండెకూ దాచుకుని మిగతా ఖర్చులు కోస్తుంది. నెలసరి ఆగుతుంది. ఎముక బలహీనపడుతుంది. చిన్న దెబ్బకే చీలుతుంది. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే అది కార్యక్రమాలకు కలిసొచ్చిన అదృష్టం కాదు, డాక్టరుకు చెప్పాల్సిన కబురు. నా శిష్యురాళ్లతో ఈ మాట నేను మొదటిసారి మాట్లాడింది పాఠం మొదలుపెట్టిన ఇరవై ఏళ్లకు. అంతకుముందు ఆ విషయం వచ్చినప్పుడల్లా తల తిప్పుకునేదాన్ని. వాళ్లూ తిప్పుకునేవాళ్లు.

సభలు పెట్టేవాళ్లకు కూడా ఒక మాట. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా నర్తకులు ఒకేసారి కూచిపూడి ఆడి రికార్డు సాధించారు. గొప్ప విషయం. అయితే ఏ రికార్డుల పుస్తకంలోనైనా ఎందరు ఆడారో రాస్తారు గానీ ఎందరికి వేళకు నీళ్లందాయో రాసే గడి ఉండదు. అంత దూరం ఎందుకు, మన ఊళ్లో పదిమంది పిల్లల కార్యక్రమానికైనా ముఖ్య అతిథి కోసం గంటన్నర ఆగుతాం. కారు దిగినాయన కాఫీ తాగి, జ్యోతి వెలిగించి, శాలువా కప్పించుకుని, మాట్లాడి వెళ్లిపోతాడు. పిల్లలు అప్పుడు మొదలుపెడతారు. ఇవాళ ఆ ముఖ్య అతిథిని నేనే కాబట్టి ఎవరినీ నొప్పించకుండా ఈ మాట అనగలిగాను.

మనసు సంగతి

లోపలి గదిలో ఒక మగపిల్లవాడు ఉన్నాడని చెప్పాను. తొమ్మిదో తరగతి. బళ్లో వాడిని ఏమని పిలుస్తారో మీకూ తెలుసు, ఈ మైకులో ఆ మాట అనను. కూచిపూడి పుట్టింది మగవాళ్ల చేతుల్లో. ఆడవాళ్లు అందులోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ వేసుకుని వస్తే ఊళ్లకు ఊళ్లు రాత్రంతా మేలుకుని చూశాయి. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ కళ నేర్చుకుంటున్న కుర్రవాడు ఇవాళ గజ్జెల సంచిని పుస్తకాల సంచి అడుగున దాచుకుని వెళ్తున్నాడు. వాడికి కావాల్సింది ధైర్యవచనాలు కాదు. బళ్లో ఆ మాట అన్నవాడిని ఆపే ఒక పంతులు, ఇంట్లో "ఇంకా ఎన్నాళ్లురా ఇది" అనని ఒక నాన్న.

ఇప్పుడు చెప్పబోయేది బరువైన విషయం. చెప్పకుండా దాటిపోవడం తప్పు. 2023 ఏప్రిల్ 30న మన నెల్లూరులోనే, టీవీ డాన్సు కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న యువ కొరియోగ్రాఫర్ చైతన్య మాస్టర్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంతకు ముందు పెట్టిన వీడియోలో అప్పుల ఒత్తిడి తట్టుకోలేకపోతున్నానని చెప్పాడు. ఇంట్లోవాళ్లను, తోటి డాన్సర్లను క్షమించమన్నాడు. ఒక ప్రాణం పోవడానికి కారణం ఇదీ అని బయటినుంచి ఎవరూ ఒక్క గీత గీసి చెప్పలేరు, నేనూ చెప్పను. నన్ను వదలకుండా పట్టుకున్నది ఒక్కటే. సాయం అడగాల్సిన నోరు క్షమాపణ ఎందుకు అడిగింది?

మేమే నేర్పాం కాబట్టి అనిపిస్తుంది. తాళం తప్పినా మొహంలో కనపడనీయకు అంటాం. నగ జారినా ఆగకు అంటాం. మువ్వ గుచ్చుకుని రక్తం కారినా తీర్మానం దాకా పో అంటాం. వేదిక మీద అది అవసరమే. కాదనను. వేదిక దిగిన తరువాత ఆ ముసుగు తీయడం మాత్రం నేర్పలేదు. పేరు వచ్చిన డాన్సరుకు డబ్బు కూడా వచ్చి ఉంటుందని ఊరు అనుకుంటుంది. గ్రూపు డాన్సర్ల బట్టలు, రిహార్సలు అద్దె, ప్రయాణం, తిండి, ఇవన్నీ చాలాచోట్ల మాస్టరు చేతి నుంచే పోతాయి. డబ్బులు వచ్చేది తరువాత. ఆ మధ్యలో అప్పు. అప్పు ఉందని చెప్తే పరువు పోతుందని ఇంకో అప్పు. శాస్త్రీయ నృత్యంలో మేమేమీ తక్కువ తినలేదు. కూతురి రంగప్రవేశానికి పెళ్లి ఖర్చంత పెట్టి వడ్డీ కట్టిన తండ్రులు ఈ హాల్లో ఉన్నారు. ఇంట్లో ఆ భారం తనవల్లే అని ఆ పిల్లకు తెలుసు. రంగప్రవేశం మరునాడు ఎందుకో ఏడుపొస్తోందని చెప్పిన పిల్లలు నాకు చాలామంది తెలుసు.

మనసు బాగోలేనివాళ్లు ఎవరైనా సరే 14416కు ఫోను చేయవచ్చు. టెలి మానస్ అని 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ క్లాసు గోడ మీద నటరాజు పటం పక్కనే రాయండి. ఫోను చేయడం చేతకానంత కుంగిపోయినవాడికి చేసిపెట్టే స్నేహితుడు కావాలి. అది మనం.

రక్షణ సంగతి

2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో చెన్నై కళాక్షేత్రలో విద్యార్థినులు లైంగిక వేధింపుల మీద రోడ్డెక్కారు. ఒక అధ్యాపకుడిని పోలీసులు అరెస్టు చేశారు. రుక్మిణీదేవి 1936లో స్థాపించిన సంస్థ అది. అంత పేరున్న చోట కూడా పిల్లలు చెప్పుకోవడానికి అంత కాలం పట్టిందంటే, మన వీధి చివరి క్లాసు సంగతి ఏమిటి? 2013 చట్టం ప్రకారం పదిమందికి తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయమైతే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. సంగతి తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే అదీ నేరమే. పిల్లల సహాయానికి 1098 ఉంది.

చట్టాలకు ముందు కొన్ని మామూలు అలవాట్లు ఉన్నాయి. పాఠం తలుపు తెరిచి చెప్పాలి. భుజం సరిచేయాలంటే "ముట్టుకోనా అమ్మా" అని అడగాలి. రాత్రి కార్యక్రమానికి ఏ పిల్లనూ ఒంటరిగా తీసుకుపోకూడదు. గురువుకు దణ్ణం పెట్టడం మన సంప్రదాయం. గురువును ప్రశ్న అడగకూడదన్నది సంప్రదాయం కాదు. ఆ రెంటినీ కలిపేసింది మన సౌకర్యం కోసం. తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సు చేసే అమ్మాయిలను కూడా మరిచిపోకండి. వాళ్లను చూసి ఈలలు వేసేదీ మనమే, మరునాడు వాళ్ల గురించి తప్పుగా మాట్లాడేదీ మనమే. తెల్లవారుజామున మూడింటికి ఆ పిల్లలు ఏ వ్యాను ఎక్కి ఎక్కడికి పోతారో మనలో ఎవరమూ అడగలేదు.

బతుకు సంగతి

ఆంధ్రనాట్యానికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణగారి (1923–2011) గురువుల్లో నాయుడుపేట రాజమ్మగారు ఒకరు. 2022లో జిల్లాలు విడిపోయే దాకా నాయుడుపేట మనదే. ఆలయ నర్తకుల దగ్గర మిగిలిన విద్యను ఆయన ఊరూరా తిరిగి వెతికి పట్టుకున్నారు. అలా ఆడపిల్లలను గుడికి ఇచ్చే దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. మనమూ అప్పుడు ఆ రాష్ట్రమే. ఆ చట్టం రావాల్సిందే. ముత్తులక్ష్మి రెడ్డిగారి వంటివారు ఏళ్ల తరబడి దానికోసం పోరాడారు. అయితే దురాచారంతో పాటు గుడిలో ఆటా పోయింది. ఆటతో పాటు ఆ స్త్రీల అన్నమూ పోయింది. విద్య గొప్పదని ఒప్పుకున్నాం, తీసుకెళ్లి సభల్లో పెట్టాం. ఆ విద్య ఉన్న ముసలి చేతులకు కూడు ఎక్కడిదని అడిగినవాళ్లు తక్కువ. మనం ఇవాళ చేస్తున్నదీ అదే తప్పు, కొత్త బట్టల్లో.

పెద్ద పెద్ద నిధులు నేను అడగడం లేదు. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు వస్తాయి. ఒక జత గజ్జెల ఖరీదుతో బృందం మొత్తానికి కట్టవచ్చు. వ్యాన్లలో రాత్రిళ్లు తిరిగే డాన్సరు ఒక్కరికైనా ఆ కాగితం ఉందా? అరవై దాటిన పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 6,000 రూపాయల దాకా ఇచ్చే పథకం ఉంది. అర్జీ నింపడం రాక ఊరుకున్న నట్టువాంగం పెద్దమనుషులు మన జిల్లాలో ఉన్నారు. శాలువాలు కప్పే బదులు ఒక్క సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి అర్జీ నింపిపెట్టండి.

ముగింపు

టీచరమ్మ చివరి రోజుల్లో చూడ్డానికి వెళ్లాను. మంచం మీద ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుంటే మాట్లాడలేదు. కళ్లతో కిందికి చూపించింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ చూపించింది. అప్పుడు చెప్పులు విప్పి కాలు మంచం మీద పెట్టాను. యాభై దాటినదాన్ని, తొమ్మిదేళ్ల పిల్లలా. ఆమె చెయ్యి వాచిన నా మోకాలి మీద కాసేపు ఉంది. "ఎన్నాళ్ల నుంచి?" అంది. పదేళ్ల నుంచి అన్నాను. "ఎవరికైనా చెప్పినావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నేను విద్య మొత్తం నేర్చుకున్నాననుకున్నాను. నా నొప్పి నేను చెప్పుకోవడం కూడా నేర్చుకోలేదు. ఇక నా పిల్లలకు ఏం నేర్పుతాను?

పోయిన ఏడాది నుంచి నా క్లాసులో బేసిన్ పెట్టాను. ఇత్తడిది దొరకలేదు, ప్లాస్టిక్‌ది. ఏడు గంటల బ్యాచి ఏడూ పదికి మొదలవుతోంది. ఉప్పునీళ్లు ఎముక చీలికను అతికించవని నాకు తెలుసు. ఆ పది నిమిషాల్లో పిల్లలు చెప్పేవి మాత్రం అరగంట జతిలో ఎక్కడా బయటపడవు. ఒక పిల్ల మోకాలు చెప్పింది. ఇంకో పిల్ల ఇంట్లో గొడవ చెప్పింది. ఒకమ్మాయి ఏమీ చెప్పకుండా రెండు వారాలు కాళ్లు మాత్రం ముంచి వెళ్లింది. మూడో వారం చెప్పింది.

గడియారం ఏడున్నర చూపిస్తోంది. లోపల పదమూడు మంది ఉన్నారు. మీరు వాళ్ల కోసం చప్పట్లు కొడతారని తెలుసు. ఒక్క మనవి. కార్యక్రమం అయ్యాక వెంటనే కార్ల దగ్గరికి పోకండి. అమ్మలూ నాన్నలూ లోపలికి వెళ్లండి. గజ్జెలు మీరే విప్పండి. విప్పుతూ, బాగా ఆడావని చెప్పేముందు, ఎక్కడన్నా నొప్పిగా ఉందా అని అడగండి. అడిగి, జవాబు వచ్చే దాకా కూర్చోండి.

ఇక నేను దిగుతాను. తెర తీయించండి.